పుస్తకాలు బోర్లించిన పిల్ల

రెండు వేల మూడు, నాలుగు ప్రాంతం. సికింద్రాబాద్‌లో తిరుమలగిరి నుంచి అల్వాల్ వైపు వెళ్ళే రోడ్డు మీద, ఒక మేడ కింది భాగంలో నేను పిల్లల కోసం లెండింగ్ లైబ్రరీ నడిపేదాన్ని. నెలకింతని చందా కట్టి, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి, చదివి తిరిగి ఇచ్చే ఏర్పాటు అది. ముందు గదిలో పుస్తకాలు, వెనక గదిలో వీసీడీలు. వీసీడీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. సినిమా, కార్టూన్ ఏదైనా నింపి అమ్మే వెండిరంగు బిళ్ల అది. టీవీకి కలిపిన ప్లేయర్‌లో పెట్టి చూసేవాళ్ళం.

మాది బన్సీలాల్‌పేట్. మా నాన్న అక్కడ వ్రతకథలు, పంచాంగాలు, స్తోత్రాల పుస్తకాలు అమ్మేవాడు. ఆ కాగితాల వాసనలోనే పెరిగాను. కొన్నేళ్ళు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పాక ఈ లైబ్రరీ పెట్టాను. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల మార్పు కళ్ళ ముందే జరిగిపోయేది. మిలిటరీ వాళ్ళ పాత బంగళాల అవతల కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన జంటలు వాటిలో దిగుతున్నాయి. సాయంత్రమైతే కంపెనీ క్యాబులు సందు మొదట్లో నిలబడి హారన్ కొట్టేవి. ఒకరు పని ముగించుకుని దిగుతుంటే ఇంకొకరు పనికి ఎక్కేవాళ్ళు.

"మేడమ్, వాల్యూస్ నేర్పేవి ఏమైనా ఉన్నాయా?" అనే మాట నాకు అలవాటైపోయింది. మా అలమరాలో గుడికి వెళ్ళే ఇళ్ళ పిల్లలకు, చర్చికి వెళ్ళే ఇళ్ళ పిల్లలకు, మసీదుకు వెళ్ళే ఇళ్ళ పిల్లలకు వేరువేరు అరలుండేవి. అరలు వేరైనా పెద్దవాళ్ళు అడిగేది ఒకటే. పిల్లలు అబద్ధం ఆడకూడదు, పెద్దల మాట వినాలి, దేవుడి మీద నమ్మకం ఉండాలి. తమకు కూర్చోబెట్టి చెప్పే తీరిక లేదు కాబట్టి పుస్తకమో టీవీయో చెప్పాలి. ఆ అడగడం నాకు తప్పనిపించేది కాదు. అయితే ఒకే పుస్తకం ఒక పిల్లవాడిలో ఒకలాగ, ఇంకో పిల్లలో ఇంకోలాగ ఎందుకు పనిచేస్తుందన్నది మాత్రం ఎప్పుడూ వింతగానే ఉండేది. ఆ వింతకు ఒక పేరు తగిలించుకుని వచ్చింది సుధారాణి.

ఒక శనివారం ఉదయం మెడలో కంపెనీ ఐడీ కార్డుతోనే లోపలికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది.

"మేడమ్, నరకం ఉండే వీసీడీలు ఉన్నాయాండి?"

దయ్యాల సినిమా అడుగుతోందేమో అనుకున్నాను. "ఏం నరకమమ్మా?"

"దేముడు శిక్షలేస్తాడు కదండీ, అలాంటివి. మా పాప మేఘనకి ఆరేళ్ళు. అబద్ధాలాడతందండి. ఇంతకుముందు ఒకటి చూపిస్తే బాగా పనిచేసింది. ఇప్పుడది పనిచెయ్యట్లేదు. అంతకంటే కొంచెం స్ట్రాంగ్‌ది కావాలి."

జ్వరం తగ్గలేదు, డోసు పెంచండి అన్నట్టుగా ఉంది ఆ అడగడం. నాకు కుతూహలం కలిగింది. కూర్చోమని స్టూలు జరిపాను.

"పనిచేసింది అంటివి కద, ఏం చేసింది?"

ఆమె చెప్పుకొచ్చింది. భర్త రమణది రాత్రి షిఫ్టు, తనది పగలు. పాపను చూసుకోవడానికి అత్తగారు నరసమ్మను ఊరి నుంచి తెచ్చుకున్నారు. ఆవిడ వచ్చేటప్పుడు దారిలో ఏదో గుడి ముందు దుకాణంలో ఒక వీసీడీ కొని తెచ్చింది. పాపాలు చేసిన పిల్లలకు పైలోకంలో ఏమవుతుందో చూపించే కార్టూన్ అది. మేఘన ఒక్కతే కూర్చుని దాన్ని చూసింది. మర్నాటి నుంచి గోల చేయడం మానేసింది. పిలవకుండానే స్నానానికి వచ్చేది. రెండు పూటలా దేవుడి ముందు నిలబడి దణ్ణం పెట్టుకునేది. ఇంట్లో అందరూ మురిసిపోయారు.

"తర్వాతేటయిందో తెలీదండి. టిఫిన్ బాక్సు ఖాళీగా తెస్తాది. తిన్నావా అంటే తినీసానంటాది. టీచరేమో ఫోను చేసి, మీ పాప పూరీలన్నీ డస్ట్‌బిన్‌లో పడేస్తంది అని చెప్పింది. దోసెలూ అంతే. బరువు తగ్గిపోయింది. డాక్టరు నులిపురుగులకి మందిచ్చాడు, ఆకలికి సిరప్పిచ్చాడు. తలంటుకి పిలిస్తే మంచం కిందకి దూరిపోతంది. పైగా దేముడంటే లెక్క లేకుండా పోయింది. గోడకున్న దేముడి క్యాలెండరు వెనక్కి తిప్పీసింది మేడమ్. మా అత్తగారు చూసి ఒక్కటి వేశారు. ఆవిడకి అసలే చెయ్యి విరిగి కట్టుంది. ఇంట్లో పనీ ఆఫీసు పనీ నేనొక్కదాన్నీ ఎలాగ చెయ్యను చెప్పండి?"

పిల్ల బాగుండాలనే తపన తప్ప ఆమెలో ఇంకేమీ లేదు.

"జెర ఆగమ్మా. గట్ల పరేషాన్ కాకు," అన్నాను. "నాకు రెండు కావాలె. ఆ పాత వీసీడీ ఒకటి తెచ్చియ్యి. వచ్చే శనివారం పాపను తీస్కరా. చూసినంకనే ఏదన్న ఇస్త."

వీసీడీ ఆ సాయంత్రమే పంపింది. మా పనిలో ప్రివ్యూ అని ఒకటి ఉంటుంది. అరలో పెట్టే ముందు మొత్తం చూడటం. ఆదివారం బన్సీలాల్‌పేట్‌లో మా ఇంట్లో దాన్ని పెట్టాను. బొమ్మలు మొరటుగా ఉన్నాయి, గొంతులు బొంగురుగా ఉన్నాయి. అబద్ధమాడిన పిల్లవాడు, దొంగతనం చేసిన పిల్ల, తాతను తోసిన కుర్రవాడు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. వాళ్ళను భటులు లాక్కుపోతారు. తాతను తోసినవాణ్ణి మరిగే నూనె గంగాళంలో వేస్తారు. నూనె సుయ్యిమంటుంది. ఆ శబ్దం మాత్రం చాలా శ్రద్ధగా పెట్టారు.

పక్కనే కూర్చుని చూస్తున్న మా అక్క కొడుకు, మేఘన కంటే ఏడాదే పెద్ద, విరగబడి నవ్వాడు. భటుల మీసాలు చూసి నవ్వు. గంగాళం చూసి నవ్వు. "పిన్నీ, మళ్ళ పెట్టు!" అని గోల. రాత్రి హాయిగా పూరీలు తిని పడుకున్నాడు. చెడ్డ వీసీడీ, పిల్లలు భయపడతారు అని ఒక్క మాటలో తేల్చేద్దామంటే వాడు అడ్డొచ్చాడు. వీడికి తమాషా అయింది మేఘనకు ఏమై ఉంటుంది?

ఒక సంగతి మాత్రం రెండోసారి చూసినప్పుడు తట్టింది. అంతసేపటి కథలో తప్పు చేసినవాళ్ళెవరూ నోరు తెరిచి చెప్పరు. చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. తప్పు జరుగుతుంది, వెంటనే భటులు వస్తారు. మధ్యలో అమ్మ లేదు, నాన్న లేదు, ఇల్లు లేదు.

శనివారం మేఘన వచ్చింది. రెండు జడలు, వదులైపోయిన గౌను. అమ్మ చెయ్యి వదలకుండా గుమ్మంలో నిలబడి గది నాలుగు మూలలా చూసింది. గోడల్ని చూస్తోందని నాకు అర్థమైంది గాని ఎందుకో అర్థం కాలేదు.

"బిడ్డా, ఏది కావాలంటే అది తీస్కో. చింపినా నేనేమనను," అన్నాను.

బల్ల మీద డిస్‌ప్లే కాపీలు పరిచి ఉంటాయి. పిల్లలు నలిపినా, గీసినా ఏమీ అనకుండా వాళ్ళ చేతికి వదిలేసే పుస్తకాలవి. సుధారాణిని వెనక గదిలోకి పంపి, నేను కౌంటరు దగ్గర లెక్కలేవో చూసుకుంటున్నట్టు కూర్చున్నాను. మేఘన బల్ల చుట్టూ నడిచింది. ఏనుగు బొమ్మ పుస్తకం ముట్టుకుంది, వదిలేసింది. పక్కన వినాయకుడి అట్ట ఉన్న పుస్తకం ఉంటే దాన్ని నెమ్మదిగా బోర్లించింది. దాని పక్కన అమ్మవారి పుస్తకం. దాన్నీ బోర్లించింది. గొర్రెపిల్లను ఎత్తుకున్న యేసు ప్రభువు బొమ్మనూ వదల్లేదు. విసురు లేదు, కోపం లేదు. నిద్రపోతున్నవాళ్ళకు దుప్పటి కప్పినట్టు, ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా. అన్నీ అయ్యాక ఊపిరి వదిలి, ఏనుగు పుస్తకం తీసుకుని కింద కూర్చుంది.

దేవుడంటే లెక్కలేని పిల్ల అలా చేయదు. లెక్క ఎక్కువైన పిల్లే అలా చేస్తుంది.

మాకు ఏజ్ బ్యాండ్ అని ఇంకో మాట ఉంది. పుస్తకం వెనక అట్ట మీద ఏ వయసువాళ్ళకో తెలిపే అంకెలు. ఆరేళ్ళకని రాసి ఉన్నవి నా దగ్గర చాలానే ఉన్నాయి. నేను వాటిని పక్కన పెట్టి, ఇంకా చిన్నపిల్లలకని రాసి ఉన్న ఒక పలచటి బొమ్మల పుస్తకం తీశాను. గుడికి పాలు తీసుకెళ్ళే ఒక చిన్నమ్మాయి కథ అది. దారిలో గిన్నె జారి పాలు మెట్ల మీద ఒలికిపోతాయి. ఆ పిల్ల స్తంభం వెనక దాక్కుంటుంది. అందులో దేవుడి ముఖం ఎక్కడా కనిపించదు, దీపం వెలుగు మాత్రమే ఉంటుంది. అందుకే అది ఎంచుకున్నాను.

పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. పాలు ఒలికే పేజీ తిప్పబోతుంటే మేఘన చెయ్యి పేజీ మీద పడింది.

"ఎవరైనా జారి పడ్డారా ఆంటీ?" అంది.

ఆ పుస్తకం ఎంతోమంది పిల్లలకు చదివాను. పాలన్నీ పోయాయా అని అడిగారు, అమ్మ కొడుతుందా అని అడిగారు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"లేదు బిడ్డా, ఎవ్వరూ పడలే. ఎందుకడిగినవ్?"

మేఘన ఒలికిన పాల మీద వేలితో గుండ్రంగా రాస్తూ కూర్చుంది.

"మా మామ్మ పడిపోయింది," అంది చివరికి. వాళ్ళ వైపు నాన్నమ్మను మామ్మ అంటారు. "దీపం దగ్గర ఆడొద్దంది అమ్మ. నేను ఆడాను. నూనె ఒలికిపోయింది. గౌనుతో తుడిచీసాను. మొత్తం పోలేదు."

పాల బొమ్మ మీద తిరుగుతున్న వేలు ఆగింది.

"తాతని పడేసినవాణ్ణి నూనెలో వేశారు కదా. అమ్మ పూరీ వేస్తే అలాగే సుయ్యిమంటాది ఆంటీ."

డస్ట్‌బిన్‌లో పూరీలు, తలంటుకు పిలిస్తే మంచం కింద దాక్కోవడం, గోడ వైపు తిరిగిన క్యాలెండరు, అన్నీ ఒక్కటే. ఆరేళ్ళ పిల్ల ఇంట్లో నూనె మరిగిన ప్రతిసారీ తన శిక్షను వింటోంది.

"ఎవరికీ చెప్పొద్దు ఆంటీ," అని నా చెవి దగ్గరికి వచ్చింది. "ఇక్కడ అందర్నీ బోర్లా పెట్టీసాను. ఆయన చూళ్ళేదు."

దేవుడు ఎవర్నీ అలా నూనెలో వేయడని వెంటనే అనాలనిపించింది. కానీ టీవీలో కళ్ళారా చూసిన పిల్లకు నా మాట ఏపాటి? "నేను చెప్ప. అది నీ మాట," అన్నాను. "నువ్వే చెప్తవా మామ్మకు? నేను పక్కనే కూసుంట." తల అడ్డంగా ఊపింది. సరేనని మిగతా కథ చదివాను. ఆ కథలో పూజారి స్తంభం వెనక పిల్లను చూసి, గిన్నె అడుగున మిగిలిన పాలను దోసిట్లో పోయించుకుంటాడు. మేఘన ఆ పేజీని మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్తానంది.

సుధారాణితో ఏం చెప్పాలన్నది నాకు చిక్కు ప్రశ్న. పిల్ల రహస్యం చెప్పకూడదు. పిల్ల తిండి మానేసిన కారణం దాచకూడదు.

"పాప కావాలని అబద్ధం ఆడతలేదమ్మా, భయానికి ఆడుతున్నది," అన్నాను. "టీవీల నూనె మరిగేది చూసింది కద, నూనెంటే జడుసుకున్నది. కొన్ని రోజులు పూరీ, దోసె బంద్ పెట్టు. ఇడ్లీ, పెరుగన్నం కట్టియ్యి. తిన్నవా అని గుచ్చి గుచ్చి అడగకు. డాక్టరుకు సుత ఈ నూనె సంగతి చెప్పు. ఆ బిళ్ల నా దగ్గరే ఉండనీ."

"అంతేనాండి?"

"ఇంకొకటున్నది. అది పాపనే చెప్పాలె. మీ అత్తమ్మను ఒకసారి ఇటు తీస్కరారాదు?"

ఆమె నా ముఖంలోకి చూసింది. సరేనని తల ఊపి, పాప చెయ్యి పట్టుకుని వెళ్ళింది. ఆ వారం మధ్యలో ఫోను చేసి, బాక్సులో ఇడ్లీలు తింటోందని, డాక్టరు కూడా వంటింటి నుంచి కొన్నాళ్ళు దూరంగా ఉంచమన్నాడని చెప్పింది.

తర్వాతి శనివారం నరసమ్మ గారు వచ్చారు. కుడిచేతికి పిండికట్టు, మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. ముఖంలో కోపం స్పష్టంగా ఉంది. వెనక సుధారాణి, ఆమె కొంగు పట్టుకుని మేఘన.

"నువ్వేనా అమ్మా, మా పిల్లదానికి దేముడి బొమ్మ లేని పుస్తకాలిచ్చిందానివి?"

"నేనే పెద్దమ్మా. కూసోండి. ఛాయ్ తాగుతరా?"

"టీ తర్వాత. ముందు నాకిది చెప్పు. భయం లేకపోతే పిల్లలు మాటింటారేటి? ఈళ్ళమ్మా నాన్నా ఒకళ్ళు పొద్దున్నెళ్తే ఒకళ్ళు రాత్రెళ్తారు. ఇస్కూల్లో ఇంగ్లీషు పాటలు చెప్తారు. దేముడెవరో తెలీకుండా పెరిగిపోతాదేమోనని నాకు బెంగ. నాకా చదువు రాదు. చదివి చెప్పలేను. అందుకే ఆ బిళ్ల కొన్నాను. చెడగొట్టడానికి కొన్నానేటి?"

"చెడగొట్టనీకి అని నేననలే పెద్దమ్మా. మీరు పాప మంచికే కొన్నరు."

ఆ మాటతో ఆవిడ కొంచెం తగ్గారు గాని, ప్రశ్న అలాగే నిలబడి ఉంది. భయం లేకపోతే పిల్లలు ఎలా వింటారు? నేనూ రోజూ దీపం పెట్టుకునేదాన్నే. తప్పు చేస్తే దేవుడు చూస్తాడన్న మాట నన్నూ పెంచింది.

అప్పుడు మేఘన అమ్మ కొంగు వదిలింది. చేతిలో ఆ పాల గిన్నె పుస్తకం ఉంది. నా వైపు ఒకసారి చూసింది. నేను ఆమెకు మాటిచ్చినట్టే వెళ్ళి నరసమ్మ గారి పక్కన నేల మీద కూర్చున్నాను. మేఘన పుస్తకం తెరిచి, పాలు ఒలికిన పేజీని మామ్మ ఒళ్ళో పెట్టింది.

"ఇలాగే మామ్మా," అంది. "నూనె నేనే ఒలకబోసాను. నువ్వు పడ్డావు కదా, అది నా వల్లే."

సుధారాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలావిడ పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయారు. కొడతారేమోనని నేను ఒక క్షణం భయపడ్డాను.

"నువ్వా?" అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా. "నేను కాదా?"

మాకెవరికీ అర్థం కాలేదు.

"కాలికింద జిడ్డు తగిలింది నాకు. దీపంలో నూనె పోసింది నేనే కదేటి, నేనే ఒలకబోసుకున్నాననుకున్నాను. మా ఊరమ్మవారికి మొక్కు ఉండిపోయింది. ఈసారి తీర్చకుండా ఈ ఊరు వొచ్చీసినాను. అందుకే తల్లి నన్ను పడగొట్టింది అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ క్యాలెండరు కేసి చూడ్డానికి నాకే భయమేస్తంది. నువ్వు తిప్పీసినప్పుడు కొట్టేను గాని..."

ఒకే ఇంట్లో, ఒకే ఒలికిన నూనె దగ్గర, ఆరేళ్ళ పిల్ల ఒకవైపు, అరవై దాటిన మనిషి ఒకవైపు నిలబడి, దేవుడు తమనే చూస్తున్నాడని వణికిపోయారు. ఒకరికొకరు చెప్పుకోలేదు.

మేఘన మామ్మ ముఖంలోకి వంగి చూసింది. "నిన్ను కూడా నూనెలో వేస్తారా మామ్మా?"

ఆ ప్రశ్నకు నరసమ్మ గారి ముఖం మారిపోయింది. మంచి చేయి చాచి పిల్లను గట్టిగా పొదువుకున్నారు.

"ఏ దేముడే నిన్ను నూనెలో ఏస్తాడు? రమ్మను నా దగ్గరికి. నేనడుగుతాను. చిన్నపిల్లలకి నూనె కాచే పనేటి నీకని అడుగుతాను."

"మరి నువ్వు మొక్కు తీర్చలేదు కదా?"

"తీరుస్తాను. ఆలీసమైపోయింది, అంతే. ఆవిడ నా తల్లి. తల్లికి కోపమొస్తాది. వొచ్చి, పోతాది. చెయ్యి ఇరగ్గొడతాదేటి?"

పిల్లకు చెబుతున్నారు గాని, ఆ మాట ఆవిడ కూడా అప్పుడే మొదటిసారి వింటున్నారని నాకు అనిపించింది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు. సుధారాణి గుమ్మం దగ్గరే చతికిలబడి, "ఆ గౌను మీద నూనె మరక పోవట్లేదని తిట్టాను మేడమ్. ఎలా అయిందని ఒక్కసారైనా అడగలేదు," అంటూ కళ్ళు తుడుచుకుంది. నేను లోపలికి వెళ్ళి అందరికీ ఛాయ్ పెట్టాను. వేరే పని తోచలేదు.

ఆ రోజుతో అంతా సర్దుకుందని చెబితే అబద్ధమవుతుంది. మేఘన ఇంకా చాలాకాలం వంటింటి వైపు పోలేదు. బాణలి పొయ్యి మీద పెడితే చెవులు మూసుకునేది. కట్టు విప్పాక మామ్మ చేతితో తినిపిస్తే ఒక గారె ముక్క నోట్లో పెట్టుకుందని, నమిలి మింగేదాకా ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూశామని సుధారాణి చెప్పింది. క్యాలెండరు సంగతి ఎవరూ ఎత్తలేదట. ఒకరోజు అదే ముందుకు తిరిగి ఉందట. ఎవరు తిప్పారో తెలియదు.

నరసమ్మ గారు మాత్రం నన్ను వదల్లేదు. వారం వారం మనవరాలితో వచ్చి, పుస్తకాలు తానే ఎంచుతానన్నారు. అక్షరం రాదు కాబట్టి ముందు బొమ్మలు చూసేవారు. ఆ తర్వాత నన్ను అడిగేవారు.

"ఇందులో తప్పు చేసిందెవరు?"

"ఈ పిల్లగాడు."

"ఆడికి తర్వాతేటయింది? ఇంటికెళ్ళాడా?"

ఇంటికి వెళ్ళిన పుస్తకాలు తీసుకునేవారు. వెళ్ళనివి పక్కన పెట్టేవారు. శిక్ష ఉన్న కథలంటే ఆవిడకేమీ అభ్యంతరం లేదు. రాక్షసుడు చావాలి, దొంగ పట్టుబడాలి. తప్పు చేసిన పిల్ల మాత్రం సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఆ ప్రశ్నను నేను నా పనిలోకి తీసుకున్నాను. తర్వాత ఎన్నో ఏళ్ళు, మూడు మతాల అరల్లోనూ, కొత్త పుస్తకమో వీసీడీయో వచ్చిందంటే, అది ఏ నీతి చెబుతోందని చూసే ముందు, తప్పు చేసినవాళ్ళు ఎవరికి చెప్పుకున్నారని చూసేదాన్ని. చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్న కథ అయితే, అందులో ఎంత భయం ఉన్నా పిల్లలు తట్టుకుంటారని తెలిసింది. మా అక్క కొడుకు ఎందుకు నవ్వగలిగాడో కూడా అప్పుడే కొంత అర్థమైంది. వాడికి ఆ రోజు దాచుకోవలసిన తప్పేదీ లేదు. ఉన్నా, పక్కనే పిన్ని ఉంది. మేఘన ఒంటరిగా చూసింది. తర్వాత నిజంగానే ఒకరు జారి పడ్డారు.

వాల్యూస్ కావాలని వచ్చే అమ్మానాన్నలకు పుస్తకంతో పాటు ఒక మాట కలిపి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. "పక్కన కూసోని చూడుండ్రి. అయిపోయినంక టీవీ బంద్ చేసి, జెరసేపు ఊకె కూసోండ్రి. ఏమన్న అడుగుతరేమో చూడుండ్రి." కొందరు విన్నారు. కొందరు క్యాబు టైమైందని వెళ్ళిపోయారు.

భయపడ్డ పిల్లలు ప్రశ్నలు అడగరు, జవాబులు మాత్రమే చెబుతారు. తిన్నావా, తిన్నాను. దణ్ణం పెట్టావా, పెట్టాను. అది మంచితనంలాగే కనిపిస్తుంది. ఆ ఇంట్లో అందరూ మురిసిపోయింది దాన్ని చూసే. పుస్తకం పనిచేసిందో లేదో తెలియాలంటే పిల్ల బుద్ధిగా ఉందా అని కాకుండా, తిరిగి ఇచ్చేటప్పుడు ఏమైనా అడిగిందా అని చూడాలి. నాకు ఆ కేసు నేర్పింది అదే.

ఆ ఏడాది వానలు తగ్గాక వాళ్ళందరూ ఊరెళ్ళి, మొక్కు తీర్చి వచ్చారు. ప్రసాదం పొట్లం నా చేతికిస్తూనే మేఘన మొదలుపెట్టింది.

"ఆంటీ, అమ్మవారు అలిగితే ఎవరు బతిమాలతారు? మామ్మకి తెలీదంట. అమ్మవారికి కూడా మామ్మ ఉంటాదా?"

"నాకు సుత తెల్వదు బిడ్డా," అన్నాను.

"మరి ఏ పుస్తకంలో ఉంటాది?" అంటూ అలమరా దగ్గరికి వెళ్ళి, ఒక్కో పుస్తకమే తీసి తెరవసాగింది. ఆ రోజు లైబ్రరీ మూసే వేళ దాటిపోయింది. నేను తలుపు వేయలేదు.